ఛత్రపురం–బరంపురం–గిరిసోల బీఆర్‌టీ: ముందు లేనా, బస్సా, టెండరా?

మహురి_కొండ #1
ఒడిశాలోని మన బరంపురం చుట్టూ బీఆర్‌టీ (బస్సులకే విడి లేన్, స్టేషన్లు ఉండే వేగమైన సర్వీసు) వేయాలంటే ఎలా అని కాగితం మీద ఒక కసరత్తు చేద్దామని ఈ థ్రెడ్ తెరిచాను. నా ముడి ఆలోచన ఇదీ. అసలు లైను ఛత్రపురం నుంచి జాతీయ రహదారి 16 పట్టుకుని ఊళ్లోకి, ఎంకేసీజీ ఆసుపత్రి మీదుగా అవతలి కొస దాకా. ఇటు ఆంధ్ర సరిహద్దు దగ్గరి గిరిసోల, కుదిరితే ఇచ్ఛాపురం. గోపాలపురం, హింజిలికాటు, దిగపహండి కొమ్మలు. అహ్మదాబాద్‌లోలా రోడ్డు నడిమధ్య రెయిలింగు కట్టిన లేన్, మొత్తం పొడవునా. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

లెక్కల_పుస్తకం #2
మొహమాటం లేదు గానీ, మ్యాపు మీద గీత గీసే ముందు తలలు లెక్కపెట్టాలి. రద్దీ గంటలో, ఒకే దిశలో, అన్నిటికంటే ఎక్కువ జనం ఉన్న ఒక్క చోట ఎంతమంది వెళ్తున్నారో ఆ అంకె కావాలి. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

12 మీటర్ల సిటీ బస్సులో 35 మంది కూర్చుంటారు, 30 మంది నిలబడతారు. 65. రద్దీ గంటలో కూడా అన్ని బస్సులూ సమానంగా నిండవు కాబట్టి 85 శాతం పట్టండి. బస్సుకు 55 మంది. 550 మంది తేలితే గంటకు 10 బస్సులు, 6 నిమిషాలకొకటి. 1,800 మంది తేలితే 33 బస్సులు, రెండు నిమిషాలకు లోపే ఒకటి. మొదటిదానికి కావలసిన రోడ్డు వేరు, రెండోదానికి వేరు.

సర్వే ఏ రోజు చేస్తారన్నది కూడా ముఖ్యమే. రెండేళ్లకోసారి జరిగే అమ్మవారి ఠాకురాణి యాత్ర నెలలో చేస్తే పాత ఊరి అంకెలన్నీ ఉబ్బుతాయి. చైత్రంలో మంగళవారాలు తారాతారిణి గుడికి వెళ్లే జనం రోడ్డెక్కుతారు. అవి విడిగా లెక్కపెట్టి పక్కన పెట్టుకోండి. ప్లాన్ మాత్రం మామూలు సోమవారం, మామూలు బుధవారం, ఒక ఆదివారం మీద నిలబడాలి.

అంకుళి_కుర్రోడు #3
550 వచ్చిందనుకుందాం అన్నా. గంటకు 10 బస్సులకి లేన్ వేస్తే తప్పేంటి? ముందుముందు పెరుగుతాయి కదా.

లెక్కల_పుస్తకం #4
ఆరు నిమిషాలకొక బస్సు వెళ్లే లేన్ పక్క ట్రాఫిక్‌లో నిలబడినవాడికి ఖాళీ రోడ్డులా కనిపిస్తుంది బాబూ. వారం తిరక్కుండా స్కూటర్లు దూరతాయి, నెలలో ఆటోలు, తర్వాత ఆ లేన్ తీసేయమని ధర్నా. ఢిల్లీలో అంబేద్కర్ నగర్–మూల్‌చంద్ మధ్య 5.8 కి.మీ. 2008లో తెరిచి 2016లో పీకేశారు. భోపాల్‌లో 2013లో వేసినదాన్ని 2024లో తీసేశారు. ప్రతి చోటా కారణాలు వేరు. ఢిల్లీలో ఆ లేన్‌కి బస్సుల కొరత లేదు, కూడళ్లలో సిగ్నల్ చక్రం మరీ పొడుగై కార్లు, బస్సులు రెండూ ఇరుక్కున్నాయి. కానీ కూల్చమన్నవాళ్ల నోట అన్నిచోట్లా వచ్చిన మాట ఒకటే, 'లేన్ ఖాళీగా ఉంది' అని.

రుషికుల్య #5
మరేటి, లేన్ వద్దంటే మామూలు బస్సులే కదా? పేరుకు బీఆర్‌టీ అని బోర్డు తగిలించీసి రంగు మార్చీడమేనా?

లెక్కల_పుస్తకం #6
వద్దనలేదు రుషికుల్య గారూ. ఎక్కడ వేయాలన్నదే పేచీ. ఒక లెక్క చూడండి. మొత్తం 24 కి.మీ. అనుకుందాం. అందులో 18 కి.మీ. హైవే, శివార్లు, బస్సు గంటకు 30 కి.మీ. వేగంతో పోతుంది, 36 నిమిషాలు. ఊళ్లోది 6 కి.మీ. మాత్రమే, కానీ 10 వేగం, దానికీ 36 నిమిషాలే. అంటే దూరంలో పావు వంతు, సమయంలో సగం.

ఆ 6 కి.మీ.లో లేన్ ఇచ్చి వేగం 18కి తెస్తే 36 నిమిషాలు 20 అవుతాయి. మొత్తం 72 నుంచి 56కి దిగుతుంది. మిగతా 18 కి.మీ.కి ఎంత కాంక్రీటు పోసినా రెండు మూడు నిమిషాలు కూడా మిగలవు.

ఇప్పుడు బస్సుల సంఖ్య. లేన్ లేకపోతే రానూపోనూ 144, రెండు కొసల్లో 8 నిమిషాల చొప్పున విరామం 16, మొత్తం 160. ఆరు నిమిషాలకొకటి అంటే 27 బస్సులు, పది శాతం స్పేర్ 3, వెరసి 30. లేన్ ఉంటే 112, 16 కలిపి 128. 22 బస్సులు, స్పేర్ 3, వెరసి 25. ఐదు బస్సులు తగ్గాయి, ప్రయాణికుడికి ఒక్కో వైపు పావుగంట మిగిలింది.

రుషికుల్య #7
బస్సులు నడిపే ఆపరేటర్‌కి కట్టేది కిలోమీటరుకింత అనే కదండి, ఐదు బస్సులు తగ్గితే రోజుకు 200 చొప్పున వెయ్యి కిలోమీటర్ల బిల్లు మిగిలినట్టే. లేన్ ఖర్చు బేగి వచ్చీసినట్టేనండి.

టెండర్_ఫైలు #8
అక్కడే పప్పులో కాలేశారు. కిలోమీటర్లు ఒక్కటి కూడా తగ్గవు. ఆరు నిమిషాలకొక బస్సు నడవాల్సిందే కదా! రద్దీ 6 గంటల్లో 60 ట్రిప్పులు, మిగతా 10 గంటల్లో పది నిమిషాలకొకటి చొప్పున 60. ఒక్కో దిశలో 120, రెండు దిశల్లో కలిపి 5,760 కి.మీ. లేన్ ఉన్నా అంతే, లేకపోయినా అంతే. తగ్గేది బస్సులు, వాటికి పెట్టిన పెట్టుబడి, రెండు షిఫ్టులకీ సెలవులకీ కలిపి బస్సుకు రెండున్నర చొప్పున డజను మంది డ్రైవర్లు.

పెరిగేది ఒక్కో బస్సు తిరిగే దూరం. 27 బస్సులైతే రోజుకు 213 కి.మీ., 22 అయితే 262. లేన్ రాకముందు, బస్సుకు రోజుకు కనీసం 200 కి.మీ.కి డబ్బు కడతామన్న గ్యారంటీతో టెండర్ వేసేశారనుకోండి. ఆపరేటర్ తన స్థిర ఖర్చంతా ఆ 200 మీద పరిచి రేటు కోట్ చేస్తాడు. తర్వాత లేన్ తెరిచి బస్సు 262 తిరిగితే పైన 62 కి.మీ.కి కూడా అదే రేటు. ప్రజల డబ్బుతో లేన్ వేసి మిగులు వాడి జేబులో పెట్టినట్టు. అందుకే రేటును స్థిర భాగం, తిరిగినందుకు భాగం అని రెండుగా విడగొట్టి, గ్యారంటీ దాటిన కిలోమీటర్లకు రెండోది మాత్రమే ఇస్తామని మొదటి రోజే రాసుకోవాలి. తిప్పని కిలోమీటర్లకు స్థిర భాగం ఇవ్వాలి, అది న్యాయం.

డిపో_గేటు #9
262 మీద నాదొక మాట. 12 మీటర్ల ఎలక్ట్రిక్ బస్సు ఒక ఛార్జింగుకు 180–200 కి.మీ. ధైర్యంగా వస్తుంది, ఏసీ వేసి మే నెలలో జనంతో నడిపితే ఇంకా తగ్గుతుంది. మధ్యాహ్నం ఛార్జింగు తప్పదు. అదృష్టం ఏంటంటే పది నిమిషాలకొకటి నడిచే వేళల్లో 13 బస్సులు చాలు, తొమ్మిది డిపోలో ఉంటాయి. వాటిని వంతులవారీగా ఛార్జింగు గన్‌కి తగిలించే డ్యూటీ చార్టు ఆపరేటర్ కాదు, టైంటేబుల్ వేసేవాళ్లే వేయాలి.

కరెంటు లెక్క: 5,760 కి.మీ.కి కిలోమీటరుకు 1.3 యూనిట్లు పట్టినా దాదాపు 7,500, ఛార్జర్ నష్టాలు కలిపి 8,200. మధ్యాహ్నం పోను రాత్రి ఆరు గంటల్లో 6,000 ఎక్కించాలంటే వెయ్యి కిలోవాట్ల దాకా లోడు. రెండు గన్‌ల 240 కిలోవాట్ ఛార్జర్లు ఆరు, 1,600 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు రెండు. ఒకటితోనే పని జరుగుతుంది కదా అనకండి. అది కాలిన రాత్రి తెల్లారి 22 బస్సులూ బయటికి రావు.

ఎక్కడైనా బోల్తా పడేది ఇక్కడే. బస్సులొచ్చి ఎండలో నిలబడతాయి, 11 కేవీ లైను రాదు. డిపో స్థలం, ప్రహరీ, లైను, వాషింగ్ పిట్ ఇవన్నీ అధికారులు అప్పగించాకే ఆపరేటర్‌కు బస్సుల డెలివరీ గడువు మొదలవ్వాలి.

మహురి_కొండ #10
సరే, మొత్తం పొడవునా లేన్ అన్నది వెనక్కి తీసుకున్నా. ఊళ్లో 6 కి.మీ. అయితే వెడల్పు చాలుతుందా?

తారు_కాంక్రీటు #11
టేపు పట్టుకుని కొలిస్తే గానీ చెప్పలేం. కావలసింది ఇదీ. బస్సు లేన్లు 3.5 చొప్పున రెండు, 7 మీటర్లు. ప్లాట్‌ఫాం 3. లేన్ అంచులకు ఒక మీటరు. మామూలు ట్రాఫిక్‌కి రెండు వైపులా 6.5 చొప్పున 13. కాలువతో కలిపి ఫుట్‌పాత్ 2.5 చొప్పున 5. స్టేషన్ దగ్గర మొత్తం 29 మీటర్లు, స్టేషన్ లేని చోట 26. రెండు దిశల ప్లాట్‌ఫాంలు ఎదురెదురుగా కాకుండా ఒకటి ముందు, ఒకటి వెనక జరిపి పెడితేనే ఈ 29. ఎదురెదురుగా అయితే 32.

కోర్టుపేట, టాటాబెంజ్ లాంటి కూడళ్ల దగ్గర 29 రాకపోతే లేన్ ఆపేయండి, ఫరవాలేదు. కూడలికి ముందు 70–80 మీటర్ల బస్సు లేన్ ఒకటి ఇచ్చి, బస్సు సెన్సర్ దాటగానే దానికి పది సెకన్లు ముందు పచ్చదీపం వచ్చేలా పెడితే ఇరుకు రోడ్డులో కూడా సగం లాభం దక్కుతుంది. ఫుట్‌పాత్ కోసి లేన్‌కు మాత్రం ఇవ్వకండి. స్టేషన్‌కి నడిచే రావాలి కదా జనం! ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఐఆర్‌సీ 124, 2017 నాటి బీఆర్‌టీ మార్గదర్శకం, దగ్గర పెట్టుకోండి.

ఇంకోటి. స్టేషన్ ముందు తారు వేయొద్దు. రోజంతా బస్సులు ఒకే చోట బ్రేకు వేస్తాయి, ఒకే గాడిలో చక్రాలు. రెండో ఎండాకాలానికి తారు అలలు అలలుగా లేస్తుంది. ప్లాట్‌ఫాం అంచు పక్కన రోడ్డు నాలుగు సెంటీమీటర్లు దిగినా తల్లి చేతిలో బిడ్డతో ఎక్కేటప్పుడు అడుగు తడబడుతుంది. ప్లాట్‌ఫాం పొడవునా, ముందూ వెనకా 30 మీటర్ల మేర ఎం40 కాంక్రీటు 250–280 మిల్లీమీటర్లు, కింద సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటు 150. పలకకి 4.5 మీటర్లు, కీళ్లలో పలకలను కలిపే 32 మి.మీ. డోవెల్ కడ్డీలు. 28 రోజులు క్యూర్ అయ్యేదాకా బస్సు ఎక్కనివ్వకూడదు. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారైతే ఈ 28 రోజులే ముందుగా బలి.

అంకుళి_కుర్రోడు #12
ప్లాట్‌ఫాం ఎత్తు ఎంత పెట్టాలి మరి? అహ్మదాబాద్‌లో 900 అని విన్నా.

తారు_కాంక్రీటు #13
అక్కడ 900 మి.మీ. నిజమే. నడిమధ్య ఒకే దీవి లాంటి స్టేషన్, బస్సుకు కుడివైపు తలుపులు. ఊరంతా లేన్ ఉంటే అది బాగుంటుంది. మన బస్సు 6 కి.మీ. లేన్‌లో నడిచి, తర్వాత గోపాలపురం రోడ్డులో ఎడమ పక్క నేల మీద ఆగాలి. కుడివైపు తలుపు పెడితే నాలుగు సీట్లు పోతాయి, ఎడమవైపూ కావాలి, 900 ఎత్తుకి లోపల మెట్లూ కావాలి. ముసలావిడ మూడు మెట్లు ఎక్కాలి.

మన దేశంలో సిటీ బస్సు స్పెసిఫికేషన్లలో నేల ఎత్తు 400, 650, 900 అని మూడున్నాయి. నా ఓటు 400కి, ఎడమ తలుపులకి. బస్సు లేన్‌కి ఎడమ పక్కన ప్లాట్‌ఫాం, జరిపి పెట్టినది. అదే బస్సు ఏ రోడ్డులోనైనా ఆగుతుంది. ఒప్పందం కుదిరితే ప్రైవేటు బస్సులను కూడా ఆ లేన్‌లోకి రానివ్వొచ్చు. 400కి ఉన్న లోపం వర్షాకాలంలో నీళ్లు నిలిచే చోట అడుగు తగలడం, చక్రాల గూళ్ల వల్ల ముందు వైపు సీట్లు తగ్గడం.

డిపో_గేటు #14
నీళ్లు నిలిచే చోట్లు మ్యాపులో ఎర్ర చుక్కలు పెట్టి టెండర్‌తోపాటే ఇవ్వండి. దాచిపెట్టి తర్వాత బ్యాటరీ పెట్టె తడిసిందని ఆపరేటర్‌తో తగవు పడటం కన్నా అది మేలు.

తారు_కాంక్రీటు #15
ఎంత స్పెసిఫికేషన్ రాసినా, పెద్ద ఆర్డరు ఇచ్చే ముందు ఒక బస్సు, చెక్కతోనైనా సరే ఒక పూర్తి సైజు ప్లాట్‌ఫాం. డ్రైవర్లను మార్చి మార్చి యాభై సార్లు ఆపించండి. బస్సుకీ ప్లాట్‌ఫాంకీ మధ్య సందు 100 మి.మీ. దాటిందెన్నిసార్లో రాయండి. మెత్తని అంచురాయి పెట్టి టైరు దాన్ని రాసుకుంటూ ఆగేలా చేస్తే సందు తగ్గుతుంది, టైరు పక్క అరుగుతుంది. రెండింటిలో ఏది కావాలో అప్పుడే తేల్చుకోవచ్చు.

రుషికుల్య #16
స్టేషన్లకి గాజు తలుపులు, గాజు పైకప్పు అని బొమ్మలేసుకుంటే ఎలాగండి? సముద్రం పక్కన ఉన్నాం. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గరే ఒడ్డెక్కింది, 2018లో తిత్లీ మన కిందనే, పలాస వైపు. ఇంక ఉప్పు గాలి సంగతి చెప్పాలా?

తారు_కాంక్రీటు #17
నూటికి నూరు పాళ్లు. ఈ తీరానికి, కట్టడాల మీద గాలి భారం చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. 2015 సవరణలో తుపాను తీరాలకు అదనపు గుణకం వచ్చింది, తుపాను తర్వాత కూడా పనిచేయాల్సిన కట్టడాలకి 1.30. బస్ స్టేషన్‌ని ఆ జాబితాలో పెట్టమని డిజైనర్‌ని అడగండి. పైకప్పు రేకు కొనల దగ్గర స్క్రూలు రెట్టింపు, కప్పు మీద ప్రకటన బోర్డు వద్దు. గాలికి ముందు ఎగిరేది అదే. స్టెయిన్‌లెస్ స్టీలు రెయిలింగు 304 రకం కాదు, 316. 304కి ఈ గాలిలో తుప్పు చుక్కలు తొందరగా వస్తాయి. ఆటోమేటిక్ తలుపుల సెన్సర్లూ పట్టాలూ ఇసుకకు, ఉప్పుకు పట్టేస్తాయి. అసలు పెట్టకండి.

ఠాకురాణి యాత్ర ఊరేగింపు సాగే వీధుల్లో డివైడర్ పాతకుండా బోల్టులు విప్పి తీసేలా పెట్టండి. రెండేళ్లకోసారి గ్యాస్ కట్టరుతో కోయడం కన్నా నయం.

గిరిసోల_గేటు #18
ఇచ్ఛాపురం సంగతి ఎవరూ ఎత్తలేదు. గేటు దాటితే ఆంధ్ర. మోటారు వాహనాల చట్టం 88వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రం పర్మిట్ ఇంకో రాష్ట్రంలో చెల్లాలంటే దాని మీద ఆ రాష్ట్రం వాళ్ల కౌంటర్ సంతకం, దానికి ముందు రెండు రాష్ట్రాల ఒప్పందం. 2018 అక్టోబరులో బ్యాటరీ వాహనాలకు పర్మిట్ మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. అయితే టికెట్ ధర ఎవరిది, ఆంధ్ర వైపు పన్ను ఎంత, అక్కడి బస్టాండులో బస్సు ఆగే చోటు ఇస్తారా, ఆర్టీసీ బస్సులకు ఇక్కడ బదులుగా ఏమిస్తారు, ఇవేవీ ఆ నోటిఫికేషన్ తేల్చదు. కాబట్టి మొదటి దశ గిరిసోల దగ్గర ఆపండి. అక్కడ దిగిన ప్లాట్‌ఫాంకి ఎదురుగానే ఇచ్ఛాపురం బస్సు ఆగేలా స్థలం ఉంచండి. ఒప్పందం వచ్చిన నాడు పొడిగించుకోవచ్చు.

హైవే గురించి ఒక ముక్క. రహదారి 16 మీద బస్సు ప్రధాన మార్గంలో ఆగకూడదు, సర్వీసు రోడ్డులో ఆగాలి. జాతీయ రహదారుల సంస్థ అనుమతి లేకుండా అక్కడ ఒక స్తంభం కూడా పాతలేరు. ఆ దరఖాస్తు అన్నిటికంటే ముందు పెట్టండి.

మహురి_కొండ #19
టెండర్_ఫైలు గారూ, ఒప్పందం గ్రాస్ కాస్ట్ పద్ధతా, నెట్ కాస్టా? నోట్‌లో ఏం రాయాలి?

టెండర్_ఫైలు #20
నెట్ కాస్ట్ అంటే టికెట్ డబ్బు ఆపరేటర్‌ది. వాడు ఉదయం నిండిన బస్సులు తోలి, మధ్యాహ్నం ఖాళీ ట్రిప్పు ఎగ్గొడతాడు. ఛత్రపురం రోడ్డు మీద టైమింగుల కోసం ముందు బస్సుని దాటి పరిగెత్తడం ఇందుకే కదా! గ్రాస్ కాస్ట్ అంటే కిలోమీటరుకు ఇంత, టికెట్ డబ్బు అధికారులది. 6 నిమిషాల సర్వీసు నిలబడాలంటే ఇదే దారి. కాకపోతే టికెట్ దొంగతనం బాధ మన నెత్తిన పడుతుంది, అందుకని టికెట్ మిషన్ల టెండర్ బస్సు ఆపరేటర్‌కు ఇవ్వకూడదు. ఏ ఊరి బస్సులోనైనా చెల్లేలా తెచ్చిన నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు తీసుకునే మిషన్లు పెట్టాలి. లొకేషన్ యంత్రం ఏఐఎస్-140 అనే వాహన ట్రాకింగ్ ప్రమాణానిది. ఆ డేటా అధికారుల సర్వర్‌లోకి నేరుగా రావాలి, ఆపరేటర్ పంపే ఎక్సెల్ షీటు ద్వారా కాదు. బిల్లు కట్టేది ఆ కిలోమీటర్లకే మరి.

జరిమానాల దగ్గర జాగ్రత్త. ట్రిప్పు ఎగ్గొడితే, రోడ్డు మీద ఆగిపోతే, తలుపు తెరిచి నడిపితే, ప్లాట్‌ఫాంకి దూరంగా ఆపితే జరిమానా సరే. ట్రాఫిక్ వల్ల ఆలస్యమైతే ఆపరేటర్‌ని కొట్టడం అత్త మీద కోపం దుత్త మీద చూపడమే. లేన్ లేని చోట సమయపాలన జరిమానా పెట్టకండి, బయలుదేరే సమయం మీద మాత్రం పెట్టండి. నెల జరిమానాకి బిల్లులో పది శాతం లాంటి పరిమితి ఉండాలి. లేకపోతే ఆ భయాన్ని కూడా రేటులో కలుపుతారు.

జీతాల సూచీ, టోకు ధరల సూచీ, కరెంటు టారిఫ్ ఈ మూడింటితో రేటు సవరించే సూత్రం అంకెలతో రాయండి. 'పరస్పర అంగీకారంతో' అని వదిలేస్తే రెండో ఏడాది నుంచి కోర్టే.

అసలు భయం ఇదేమీ కాదు. అధికారులు బిల్లు కడతారా అన్నదే బిడ్డర్ మొదటి ప్రశ్న. మూడు నెలల బిల్లు ఎస్క్రోలో, అంటే బిల్లుల కోసమే విడిగా కట్టిపెట్టిన బ్యాంకు ఖాతాలో, ఉంచితే రేటు దిగుతుంది. 2024 సెప్టెంబరులో కేంద్రం 3,435 కోట్లతో చెల్లింపు భద్రత పథకం పెట్టింది, 38,000 ఎలక్ట్రిక్ బస్సుల కోసం. అధికారులు ఎగ్గొడితే ఆ నిధి కడుతుంది, తర్వాత రాష్ట్రం నుంచి వసూలు చేస్తుంది. అందులో చేరడం చూడండి. 2023 ఆగస్టులో వచ్చిన పీఎం ఈ-బస్ సేవలో 2011 లెక్కల ప్రకారం 3 లక్షలు దాటిన నగరాలకు 10,000 బస్సులు. బరంపురం అప్పటికే మూడున్నర లక్షలు. అందులో సాయం బస్సు కొనడానికి కాదు, కిలోమీటరుకు ఇస్తారు: 12 మీటర్లకు 24 రూపాయలు, 9కి 22, 7కి 20. పదేళ్లు. పదకొండో ఏడాది ఆ 24 ఎక్కడి నుంచి వస్తుందో నోట్‌లో ఒక పేరా ఉండాలి.

అంకుళి_కుర్రోడు #21
25 బస్సుల టెండర్‌కి కంపెనీలు వస్తాయంటారా?

టెండర్_ఫైలు #22
ఒక్కటే వస్తే ఆశ్చర్యం లేదు. 2022లో ఐదు పెద్ద నగరాలకి కలిపి 5,450 బస్సులకు ఒకే టెండర్ పెట్టారు, రేటు అందుకే దిగింది. మనం ఒంటరిగా వెళ్లకూడదు, రాష్ట్రంలో ఇంకో రెండు ఊళ్లతో కలిపి వెళ్లాలి. నేల ఎత్తు, తలుపులు, ఛార్జర్ గన్ ఒకేలా ఉంటేనే అది కుదురుతుంది. తారు_కాంక్రీటు గారి 400 ఎడమ తలుపుకి ఇంకో లాభం అదే, ఎవరి దగ్గరైనా దొరికే బస్సు.

రుషికుల్య #23
మరి ఇప్పుడున్న ప్రైవేటు బస్సులోళ్ల సంగతేటి? వాళ్లు రోడ్డు మీద కూర్చుంటే ఒక్క బస్సు కదలదు.

గిరిసోల_గేటు #24
వాళ్లని తరిమేయాలని ఎవరూ అనుకోకూడదు. కొమ్మ లైన్లు, దిగపహండి, హింజిలికాటు, వాళ్లకే ఇచ్చి అసలు లైను కొస వద్ద కలపండి. లేదా కొందరు కలిసి ఒక కంపెనీ పెట్టుకుని బిడ్ వేసేలా అర్హతలో టర్నోవర్ షరతు తగ్గించండి, బస్సు తయారీదారుతో జట్టు కట్టనివ్వండి. ముందు మాట్లాడకుండా టెండర్ పిలిస్తే మొదటి రోజే స్టే వస్తుంది.

మహురి_కొండ #25
అయితే వరస ఇలా మార్చా: మొదట తలల లెక్క, దాంతోపాటే హైవే అనుమతి, తర్వాత 6 కి.మీ. కొలతలు, ప్రైవేటు బస్సులతో మాట, డిపో స్థలం, కరెంటు లైను, నమూనా ప్లాట్‌ఫాం, చివరికి బస్సు టెండర్. సర్వే ఫారంలో ఉంచిన గడులు: సమయం, వాహనం రకం, దిశ, నిండుదనం సగం, నిండా, నిలబడ్డారు. చాలా?

లెక్కల_పుస్తకం #26
రెండు కలపండి. షేర్ ఆటోలకు విడి గడి, డ్రైవర్ పక్కన కూర్చున్నవాళ్లని కూడా కలిపి రాసేలా. బస్సులకు 'వేలాడుతున్నారు, పైన ఎక్కారు' అని ఒక గడి. నిలబడ్డారు అన్న గడిలోనే వీళ్లనూ పడేస్తే ఉదయం ఆసుపత్రి వేళ అసలు అంకె సగమే కనిపిస్తుంది. కూడలికి ఇద్దరు మనుషులు, రెండు గంటలకోసారి మార్పు. ఫారం ఒడియా, తెలుగు రెండు లిపుల్లో వేయించండి.